పండుగ వెళ్లిన ఆదివారం గుడికి రండి

డిసెంబరు 24 రాత్రి అమెరికాలో చాలా ఎపిస్కోపల్ గుళ్లలో, అంటే ఇంగ్లండు చర్చి నుంచి వచ్చిన ఆంగ్లికన్ కుటుంబానికి చెందిన ఇక్కడి గుళ్లలో, కూర్చోవడానికి చోటు దొరకదు. మనవాళ్లూ వస్తారు. పట్టుచీరలు, పిల్లల చేతుల్లో కొవ్వొత్తులు, ఆల్టర్ ముందు ఫొటోలు. తర్వాతి ఆదివారం అదే గుడికి వెళ్లి చూడండి, బెంచీలు బోసిపోయి ఉంటాయి. క్వయర్‌కి సెలవు. పండుగ వారమంతా తీరిక లేకుండా పనిచేసిన రెక్టర్ గారు (గుడి బాధ్యత చూసే ప్రీస్ట్) కూడా చాలాచోట్ల నాలుగు రోజులు ఊరెళ్తారు, వేరే ప్రీస్ట్ ఎవరో వచ్చి ఆరాధన జరిపిస్తారు. మన సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) తెలుగు కుటుంబాలను నేను అడిగేది ఆ ఆదివారం రమ్మని. పండుగ రాత్రి వచ్చినవాళ్లను గుడి అతిథులుగా చూసుకుంటుంది. ఈ ఆదివారం వచ్చినవాళ్లనైతే పేరు అడుగుతుంది.

క్రిస్మస్ 25తో అయిపోదని చిన్నప్పుడు మనకు ఎవరూ గట్టిగా చెప్పలేదు. ఇక్కడి గుడి క్యాలెండర్ ప్రకారం పండుగ ఆ రోజు మొదలై జనవరి 5 దాకా పన్నెండు రోజులు సాగుతుంది, 6న ఎపిఫనీ, అంటే జ్ఞానులు బాలయేసును దర్శించిన పండుగ. వీధిలో 26 నుంచే చెట్లు చెత్తబండి కోసం రోడ్డు పక్కకు చేరతాయి. గుడిలో మాత్రం పశువుల తొట్టి అలాగే ఉంటుంది, ప్రీస్ట్ తెల్లవస్త్రాలే వేసుకుంటారు. కొన్ని పారిష్‌లలో (స్థానిక సంఘాలలో) జ్ఞానుల బొమ్మలను మొదట దూరంగా కిటికీ గట్టు మీద పెట్టి, రోజులు గడిచేకొద్దీ తొట్టి దగ్గరికి జరుపుతారు. పిల్లలకు ఇంతకంటే మంచి సండేస్కూల్ పాఠం నాకు తెలియదు. ఈ పన్నెండు రోజుల్లో కన్నీళ్లూ ఉన్నాయి. 26 స్తెఫను దినం, రాళ్లతో కొట్టి చంపిన మొదటి హతసాక్షి ఆయన. 28న హేరోదు చంపించిన పసిపిల్లల జ్ఞాపకం. బిడ్డను ఎత్తుకుని ఐగుప్తుకు పారిపోయిన తల్లిదండ్రుల కథ వినకుండా కేకు కోసి ఇంటికి వెళ్లిపోతే, క్రిస్మస్‌లో సగమే విన్నట్టు.

క్రిస్మస్ తర్వాతి మొదటి ఆదివారం చదివే సువార్త యోహాను మొదటి అధ్యాయం. గొర్రెల కాపరులు లేరు, సత్రం లేదు. ఆదియందు ఉన్న వాక్యం మనిషై మన మధ్య కాపురమున్న సంగతి ఉంటుంది. మన అమ్మమ్మలు, తాతయ్యల్లో ఈ వచనాలు కంఠతా వచ్చినవాళ్లు ఎందరో. దాన్ని తెలుగులో చదవమని అడగవచ్చని చాలామందికి తెలియదు. సంఘంలో ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు ఉంటే, ఆరాధన జరిపే ప్రీస్ట్ నియమించిన వ్యక్తి సువార్తను వాళ్ల భాషలో చదవవచ్చని ఎపిస్కోపల్ చర్చి 1979 నాటి ప్రార్థన గ్రంథమే అనుమతిస్తోంది. ఇంగ్లీషుకు బదులుగానైనా సరే, ఇంగ్లీషుతో పాటుగానైనా సరే. అనుమతి పుస్తకంలో ఉంది, అడగాల్సింది మనం. చదివేవాళ్లు తక్కువగా ఉండే ఆ ఆదివారం ఏ రెక్టర్ గారైనా సంతోషంగా ఒప్పుకుంటారని నా నమ్మకం.

ఈ రోజుల మీద నాకింత పట్టుదల ఉండటానికి తెలంగాణలోని డోర్నకల్ ఒక కారణం. వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. తెలుగు నేర్చుకుని, తెలుగు పల్లెల్లోనే జీవితం గడిపారు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో ఆయనకు డోర్నకల్ బిషప్‌గా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. ఆయన కట్టించిన డోర్నకల్ కెథెడ్రల్ పేరే ఎపిఫనీ కెథెడ్రల్, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. మసీదును తలపించే గుమ్మటాలు, దేవాలయపు మంటపాన్ని తలపించే స్తంభాలు ఉన్న గుడి అది. ఆయన కన్నుమూసింది 1945 జనవరి 1న. ఆ జ్ఞాపకార్థం ఎపిస్కోపల్ చర్చి క్యాలెండర్ జనవరి 2ను అజరయ్య గారికి కేటాయించింది. అంటే ఈ దేశంలో ఏ ఎపిస్కోపల్ గుడి అయినా ఆ రోజు డోర్నకల్ బిషప్‌ను తలుచుకుని ప్రార్థన చేయవచ్చు. మనం గుర్తుచేయకపోతే ఎవరు గుర్తుచేస్తారు?

1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన తెల్ల మిషనరీల ముఖం మీదే చెప్పారు. మీరు మీ ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మేము ప్రేమను కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అని. సభలో చాలామందికి ఆ మాట గుచ్చుకుంది. నూరేళ్లు దాటినా అది మనకు పనికొచ్చే మాటే. స్నేహితులు కొవ్వొత్తుల రాత్రి దొరకరు. చలి ఆదివారం పొద్దున ఆరాధన అయ్యాక, హాల్లో కాఫీ తాగుతూ, మోకాలి ఆపరేషన్ గురించి, మనవరాలి కాలేజీ గురించి మాట్లాడుకునే పదిమందిలో దొరుకుతారు.

ఎపిఫనీ తర్వాతి మొదటి ఆదివారం ప్రభువు బాప్తిస్మ దినం. ఆ రోజు సంఘమంతా లేచి నిలబడి బాప్తిస్మ నిబంధనను మళ్లీ చెప్పవచ్చు. ప్రతి మనిషి గౌరవాన్నీ కాపాడతావా అని ప్రీస్ట్ అడుగుతారు. దేవుని సహాయంతో కాపాడతాను అని అందరూ జవాబు చెబుతారు. అజరయ్య గారి కాలంలో గుంపులు గుంపులుగా సంఘంలో చేరినవాళ్లు ఎక్కువగా మాల, మాదిగ పల్లెలవాళ్లు. టీకొట్టులో వేరే గ్లాసు పెట్టిన ఊళ్లలోంచి వచ్చి, ప్రభు భోజనంలో అందరితో కలిసి ఒకే పాత్రలో తాగడం అంటే ఏమిటో వాళ్ల మనవలమైన మనకు ఎవరూ వివరించక్కర్లేదు. ఆ పాత్ర దగ్గరి నుంచి వచ్చిన మనం, సముద్రాలు దాటాక కూడా పెళ్లి సంబంధాలకీ వారాంతపు విందులకీ కులం చూసుకుంటున్నాం. జనవరిలో ఆ ప్రశ్నకు నోరారా జవాబు చెప్పి, సోమవారం పొద్దున దాని ప్రకారం బతకాలి. ఈ మాట ముందు నాకూ మా ఇంటికీ చెప్పుకుంటున్నాను.

చాలా పారిష్‌లలో వార్షిక సమావేశం కూడా జనవరిలోనే. ఆరాధన కాగానే అందరూ తెచ్చిన వంటలు బల్ల మీద పెట్టుకుని, కోశాధికారి లెక్కలు వింటారు, వెస్ట్రీ (గుడి పాలక మండలి) సభ్యులను ఎన్నుకుంటారు. బాయిలర్ ఈ చలికాలం గడుస్తుందా, పైకప్పుకు డబ్బు ఎక్కడిది అన్న మాటలన్నీ అక్కడే. ఊళ్లో పాస్టరేట్ కమిటీ ఎన్నికంటే సంఘమంతా కదిలే మనవాళ్లు, ఇక్కడ ఆ సమావేశం రోజు కనిపించరు. మనం బయటివాళ్లమన్న బిడియం అది. చర్చి చట్టంలో అటువంటి గీత లేదు. బాప్తిస్మం పొంది, సంఘం రిజిస్టరులో పేరుండి, ఏడాదిలో కనీసం మూడుసార్లు ప్రభు భోజనం తీసుకున్నవాళ్లను సంస్కార సభ్యులుగా లెక్కిస్తారు, పదహారేళ్లు నిండితే పెద్దవాళ్ల లెక్క. డోర్నకల్, నంద్యాలవాళ్లు ఆంగ్లికన్ మూలం నుంచి వచ్చారు, మెదక్‌వాళ్లు మెథడిస్టు మూలం నుంచి, రాయలసీమలో చాలామంది లండన్ మిషన్ నుంచి. సి.ఎస్.ఐ. మొత్తం ఆంగ్లికన్ కుటుంబంలో సభ్యురాలు కాబట్టి ఆ తేడా ఇక్కడ అడ్డు కాదు. కొత్త రెక్టర్‌ను ఎంచుకునేది వెస్ట్రీయే. ఆ బల్ల దగ్గర మనవాళ్లు ఒక్కరైనా ఉండాలి.

మనం తీసుకోవడమే కాదు, ఇవ్వగలిగిందీ ఉంది. డిసెంబరు 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధన లేకుండా మన సంఘాల్లో కొత్త సంవత్సరం రాదు. గడిచిన ఏడాదికి సాక్ష్యాలు, పన్నెండు గంటలకు మోకాళ్ల మీద ప్రార్థన, తర్వాత ఒక్కొక్కరికి వాగ్దాన వాక్యం ఉన్న కార్డు. చాలా ఎపిస్కోపల్ గుళ్లు ఆ రాత్రి తాళం వేసి ఉంటాయి. జనవరి 1న మాత్రం ప్రభువుకు యేసు అని పేరు పెట్టిన దినం వాళ్ల క్యాలెండర్‌లో ఉంది. తాళంచెవి అడుగుదాం. పాటలు మనం పాడదాం, చాయ్ మనం పెడదాం, పారిష్‌వాళ్లను పిలుద్దాం. పేరు పెట్టిన దినం ప్రార్థనతో ఆ ఆరాధన ముగించమని రెక్టర్ గారిని కోరవచ్చు.

మన తెలుగు సంఘం (అసోసియేషన్) కార్యవర్గానికి కూడా ఒక విన్నపం. హాలు దొరుకుతుందని ప్రతి ఏడూ క్రిస్మస్ వేడుకను డిసెంబరు మొదటి వారాంతానికే పెట్టేస్తున్నాం. జనవరి మధ్యలో సంక్రాంతి ఉంటుంది కాబట్టి అటు జరపలేమన్నది నిజమే. కానీ 26కీ 5కీ మధ్య చాలా రోజులు పిల్లలకు బడి సెలవులు, పెద్దల్లో చాలామందికి ఆఫీసు సెలవులు, పైగా అది క్రిస్మసే. ఖరీదైన హాలు అవసరం లేదు, పారిష్ హాలును అడిగితే చాలా గుళ్లు తక్కువ అద్దెకే ఇస్తాయి. వచ్చే డిసెంబరుకు తేదీ ఖాయం చేసేముందు ఒక్కసారి ఆ వారం వైపు చూడండి. జనవరి 2 ఖాళీగా ఉంటే, అజరయ్య గారి గురించి పది నిమిషాలు మాట్లాడటానికి నేను సిద్ధం.