వీడియోకూ వీడియోకూ మధ్య కడప

జనాన్ని ఖాళీగా ఉంచకూడదు. యూట్యూబ్ చానెల్ నడిపేవాళ్లకు పాఠాలు చెప్పే పండితులందరూ ఏకగ్రీవంగా తేల్చిన సిద్ధాంతం ఇది. ఒక వీడియో వేశాక రెండోది వేసేలోపు పది రోజులు పట్టొచ్చు, నెల పట్టొచ్చు. ఆ సందులో సబ్‌స్క్రైబరు మనల్ని మరిచిపోయి పక్క చానెల్ వాకిట్లో చేరతాడు. కాబట్టి ఆ సందును చిన్న చిన్న పోస్టులతో పూడ్చాలట. ఒక ఫొటో, ఒక పోల్, ఒక 'మీరేమంటారు?'. వీడియో రాకపోయినా చానెల్ బతికే ఉందని నలుగురికీ తెలుస్తూ ఉండాలి.

ఈ విద్య కాలిఫోర్నియాలో పుట్టిందని లోకం నమ్ముతోంది. 2016 సెప్టెంబరులో యూట్యూబ్ కొద్దిమంది క్రియేటర్లకు ఇట్లాంటి పోస్టులు పెట్టుకునే 'కమ్యూనిటీ' అనే ట్యాబ్ తెరిచిచ్చిన మాట నిజమే. కానీ అప్పటికే మా కడప జిల్లాకు ఈ రంగంలో తొమ్మిదేళ్ల అనుభవం ఉంది. 2007లో జమ్మలమడుగు దగ్గర ఉక్కు ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేశారు. ఫ్యాక్టరీ రాలేదు. అంతమాత్రాన ప్రేక్షకులను గాలికొదిలేశారా అంటే, లేదు. 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూలులో, జిల్లాలో ఉక్కు కర్మాగారం సాధ్యమవుతుందేమో ఆరు నెలల్లో పరిశీలించాలని ఒక పోస్టు పడింది. 2018 డిసెంబరులో కంబాలదిన్నె దగ్గర మరో శంకుస్థాపన. సరిగ్గా ఏడాదికి, 2019 డిసెంబరులో, సున్నపురాళ్లపల్లెలో ఇంకొకటి. 2023 ఫిబ్రవరిలో అదే సున్నపురాళ్లపల్లెలో భూమిపూజ మళ్లీ. ముఖ్యమంత్రులు మారారు, పార్టీలు మారాయి, కంపెనీలు మారాయి. ప్రేక్షకులతో సంబంధం మాత్రం ఒక్కసారి కూడా తెగలేదు. ఏ చానెల్‌కైనా ఇంతకంటే ఏం కావాలి?

శిలాఫలకాన్ని ఎప్పుడైనా దగ్గర నిలబడి చూసినారా? నల్లరాతి పలక. బంగారు రంగు అక్షరాలు. పైన తేదీ, కింద 'గౌరవనీయులు' అని మొదలయ్యే పేర్ల వరస, హోదాను బట్టి అక్షరాల సైజు. ఆవిష్కరించిన రోజు పరదా, పూలదండ, ఫొటోలు. ఒక వానాకాలం గడిస్తే చుట్టూ కంపచెట్లు. మంచి పోస్టుకు పండితులు చెప్పే లక్షణాలన్నీ అందులో ఉన్నాయి. చిన్నది, చవకైనది, ఎవరికైనా ఒక్క చూపులో అర్థమయ్యేది, చూసినవాడిలో ఏదో ఆశ పుట్టించేది. పైగా కామెంట్లు ఆఫ్.

కాలిఫోర్నియావాళ్లు ఇంత ధారాళంగా మొదలుపెట్టలేదు పాపం. 2017లో పదివేలమంది సబ్‌స్క్రైబర్లు ఉన్న చానెళ్లకే పోస్టు పెట్టే హక్కు ఇచ్చారు. 2019లో ఆ గీతను వెయ్యికి దించారు. 2021 అక్టోబరులో ఐదువందలకు. ఆ తర్వాత ఆ లెక్క కూడా పోయింది, ఖాతాను సక్రమంగా ధ్రువీకరించుకుంటే చాలంటున్నారు. గీత దిగిన ప్రతిసారీ 'ఈ దినం టిఫిన్ ఇడ్లీనా, దోసెనా?' అని జనాభిప్రాయం సేకరించాల్సిన బాధ్యత మా ఊళ్లో మరికొందరి భుజాన పడింది. అట్లా పడినవాళ్లలో మా అక్క కొడుకు ఒకడు.

వాడి చానెల్ పేరు చెప్పను, చెబితే అదొక ప్రమోషన్ అవుతుంది. జిల్లాలో కోటలు, గుళ్లు, తిండి చూపిస్తాడు. చూపించిన రోజున బాగానే చూపిస్తాడు. ఆ మధ్య ఒక పోల్ పెట్టినాడు: తర్వాతి వీడియో ఎక్కడ? గండికోట, సిద్ధవటం, ఒంటిమిట్ట, పుష్పగిరి. సిద్ధవటం గెలిచింది. కడప నుంచి బండి మీద పోతే గంట కూడా పట్టని ఊరు అది. మరుసటి దినం కోట కనిపిస్తుందేమోనని నేను అమాయకంగా ఫోన్ తెరిచినాను. ఓట్లేసిన వాళ్లకు చేతులు జోడించిన పోస్టు ఒకటి కనిపించింది. దాని తర్వాత, పొద్దున పోదామా సాయంత్రం పోదామా అని ఇంకో పోల్. సాయంత్రం గెలిచింది. ఆ తర్వాత కెమెరా సంచి ఫొటో, కింద 'పెద్ద సర్‌ప్రైజ్ వస్తోంది'. ఆపైన పెన్నాలో నీళ్లు ఎక్కువగా ఉన్నాయని ఒక విచారం. ఆపైన నీళ్లు తగ్గినాయని ఒక ఆనందం. నడుమ ఉగాది, రంజాన్ శుభాకాంక్షలు, ఇవీ నిష్ఠగా. చివరకు పోల్ పెట్టి నెల నిండిన సందర్భంగా తనను ఇంతగా ఆదరించినందుకు అందరికీ ధన్యవాదాలు.

"సిద్ధవటం ఎప్పుడు పోతావు అబ్బీ?" అని అడిగినా.

"పోదాం మామా. ఆడియెన్స్ ఇంగా రెడీ కాల్యా. తయారుచేస్తాండా."

నాకు ఆ జవాబులో ఒక మాజీ మంత్రి గొంతు వినపడింది. పిల్లోడు పైకొస్తాడు.

వాడి పనితీరును కళ్లారా చూద్దామని ఒక పొద్దున ఏడురోడ్ల దగ్గర కారం దోసెకు తీసుకుపోయినాను. మాస్టరు పెనం మీద పిండి పరిచి, ఎర్రకారం గరిటె వెనకతో అంచుదాకా రుద్ది, పప్పుల పొడి పిడికిటితో చల్లి, ఇంత వెన్న వేసినాడు. వెన్న కరిగి కారంలోకి దిగి, అంచులు లేచి, వాసన రోడ్డు దాటుతోంది. దోసె ప్లేటులో పడింది. నేను చెయ్యి చాపినాను. "మామా, చెయ్యి తియ్, నీడ పడతాండాది" అన్నాడు. ప్లేటును కిటికీ వైపు తిప్పినాడు. నీళ్ల గ్లాసు పక్కకు జరిపినాడు. బల్ల తుడిచే గుడ్డను నా ఒళ్లో పెట్టినాడు. ఫొటో తీసి పోల్ రాసినాడు: 'కారం దోసెకు అసలైన జోడీ ఏది? చెనక్కాయల చట్నీనా, బొంబాయి చట్నీనా?' మాస్టరు కాసేపు చూసి, "తిను అబ్బీ, సల్లారితే దానికి ఓటేసేవాడుండడు" అన్నాడు. ఆ మాట ఎవరూ వినిపించుకోలేదు. మా వాడి ఫోన్ అప్పటికే టింగు టింగుమంటోంది. చెనక్కాయల వర్గం, బొంబాయి వర్గం కామెంట్లలో బాంబులు లేకుండా తలపడుతున్నాయి. ఈ జిల్లా పేరు చెప్పగానే వేరే రకం తలపడటాలు గుర్తొచ్చే బయటివాళ్లు ఈ పురోగతిని గమనించాలి.

పోల్ ఎంత శక్తిమంతమో నాకు బాగా అర్థమైంది గండికోట వ్యవహారంలో. పాత వీడియో ఒకదాంట్లో గండికోట చిత్రావతి ఒడ్డున ఉందని చెప్పేసినాడు. పెన్నా అని ఒక పెద్దాయన కామెంటు పెట్టినాడు. తప్పు దిద్దుకుంటూ రెండు ముక్కలు రాస్తే అయిపోయేది. ఇట్లాంటి వాటికే పోస్టులు పనికొస్తాయని పండితులు కూడా చెబుతారు. మా వాడు ప్రజాస్వామ్యవాది. 'గండికోట ఏ నది మీద ఉంది?' అని పోల్ పెట్టినాడు. చిత్రావతి గెలిచింది. పెద్దాయన ఓడిపోయినాడు. క్విజ్ అని యూట్యూబ్‌లో ఇంకో సౌకర్యం ఉంది, దాంట్లో సరైన జవాబు ఏదో పెట్టేవాడే ముందు గుర్తు పెట్టాలి. అంత నియంతృత్వం తనకు చేతకాదన్నాడు. పెన్నా మాత్రం ఇంకా గండికోట కిందనే పారుతోంది. దానికి నోటిఫికేషన్ అందినట్టు లేదు.

గండికోట మాట వచ్చింది కాబట్టి, పోస్టులు పెట్టకపోతే ఏమవుతుందో తెలియాలంటే చరిత్రలోకి పోవాలి. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే 1652లో గండికోటకు వచ్చినాడు. గోల్కొండ సుల్తాను సేనాని మీర్ జుమ్లా అప్పుడు ఆ కోటలో మకాం వేసి ఉన్నాడు. తావెర్నియే చూసింది చూసినట్టు రాసినాడు. ఆ పుస్తకం అచ్చయింది 1676లో. ఇరవైనాలుగేళ్లు! నడుమ ఒక్క ఫొటో లేదు, ఒక్క పోల్ లేదు, 'వచ్చేస్తున్నా ఫ్రెండ్స్' అన్న ఒక్క మాట లేదు. మీర్ జుమ్లా ఆ పుస్తకం రాకముందే, 1663లోనే, కన్నుమూసినాడు. ఎపిసోడ్‌లో హీరో కూడా చూడలేకపోయిన ఆలస్యం అది. ఏ అల్గారిథమ్ క్షమిస్తుంది?

అదే మీర్ జుమ్లాను చూడండి. తావెర్నియే వర్ణన ప్రకారం ఆయన నేల మీద కూర్చుని కాలివేళ్ల సందుల్లో కొన్ని ఉత్తరాలు, ఎడమచేతి వేళ్ల సందుల్లో కొన్ని ఇరికించుకుని, ఒకసారి కాలి నుంచి, ఒకసారి చేతి నుంచి ఒక్కొక్కటే లాగుతూ గుమాస్తాలకు జవాబులు చెప్పి రాయించేవాడట. కొన్ని తానే రాసేవాడట. వచ్చిన ప్రతి కామెంటుకూ జవాబివ్వాలి, ప్రేక్షకుడికి తనను పట్టించుకున్నారన్న తృప్తి మిగలాలి అని ఇప్పుడు ఫీజులు తీసుకుని చెబుతున్న సూత్రాన్ని గండికోటలో ఆ మహానుభావుడు ఇరవై వేళ్లలో పదిహేనింటితో అమలు చేసినాడు. మా వాడికి రెండు బొటనవేళ్లు చాలు. కాలం మారింది.

కామెంట్ల సంగతి కొంచెం చెప్పాలి. మా వాడి ప్రతి పోస్టు కిందా మొదట 'ఫస్ట్' అని ఒకడు, 'సెకండ్' అని ఇంకొకడు ఉంటారు. ఏ పోటీయో నాకు తెలియదు. తర్వాత 'సూపర్ బ్రో'లు. వీటి నడుమ ఎక్కడో ఒక మూల 'అన్నా, వీడియో ఎప్పుడు?' అని ఒక నోరులేని జీవి అడిగి ఉంటుంది. మా వాడు ఆ కామెంటుకు వెంటనే ఎర్ర గుండె ఇస్తాడు. జవాబు ఇవ్వడు. గుండె అందుకున్నవాడు పరమానందంతో ఆ ప్రశ్న మానుకుని మరుసటి పోల్‌లో ఓటేస్తాడు. అర్జీ తీసుకుని, భుజం తట్టి, ఫొటో దిగి పంపించే పద్ధతి ఇంత సులువుగా ఒక వేలి కింద ఇమిడిపోతుందని మన పెద్దలు ఊహించి ఉండరు.

డబ్బు మాట కూడా ఒకసారి ఎత్తి చూసినాను. ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, పన్నెండు నెలల్లో జనం చూసిన 4,000 గంటలు ఉండాలి, లేదంటే తొంభై రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్. పోల్ దగ్గర జనం గడిపిన సమయం ఆ 4,000 గంటల్లో ఒక్క నిమిషం కూడా కలవదు. "మరి ఇదంతా ఎందుకు అబ్బీ?" అంటే వాడు నా వైపు జాలిగా చూసినాడు. "ఎంగేజ్‌మెంట్ మామా. నీ కాలంలో ల్యా." ఉండేది నాయనా. ఉక్కు ఫ్యాక్టరీకి వేసిన నాలుగు రాళ్లు ఇప్పుడే కదా లెక్కపెట్టినాను.

న్యాయంగా చెప్పాలంటే చివరికి సిద్ధవటం వీడియో వచ్చింది. పదకొండు నిమిషాలు. మొదటి రెండు నిమిషాలు ఓటర్లకు కృతజ్ఞతలు పోనిస్తే, మిగిలింది బాగుంది. సాయంత్రపు ఎండ కోట గోడ మీద పడుతుంటే కెమెరా తొందరపడకుండా బురుజు నుంచి బురుజుకు నడిచింది. పెన్నా ఇసుక మీద ఒకాయన బర్రెలను తోలుకుపోతూ, తాను వీడియోలో పడుతున్నానని తెలియక, తనలో తాను ఏదో పాడుకుంటున్నాడు. అది కోయకుండా ఉంచినాడు. మేనమామను కాబట్టి అంటున్నానని అనుకోకండి, ఆ ముక్క నేను రెండుసార్లు చూసినాను.

ఆ మాటే కామెంట్లో రాద్దామని కిందికి పోతే, అన్నిటికంటే పైన ఎవరో అడిగి ఉన్నారు: 'అన్నా, రెండు దినాల నుంచి పోస్టులు ల్యావే, ఒంట్లో బాగుండాదా?' దానికి బోలెడు లైకులు. కింద అదే ఆందోళనతో మరికొందరు. బర్రెలాయన గురించి ఒక్కరూ అడగలేదు. మా వాడు కంగారుపడి ఆ రాత్రే పోల్ పెట్టినాడు: 'మీకు ఏవి కావాలి? వీడియోలా, పోస్టులా?' పోస్టులు భారీ మెజారిటీతో గెలిచినాయి. ప్రజాతీర్పును శిరసావహించి సిద్ధవటం రెండో భాగాన్ని నిరవధికంగా వాయిదా వేసినాడు. ఆ సంగతి తెలియజేస్తూ పెట్టిన పోస్టుకు స్పందన చాలా బాగుందట.