గాన్వియేకు బిరుదు ప్రదానం

ఒక ఊరికి మరో ఊరి పేరు తగిలిస్తే తప్ప గౌరవం దక్కదన్న సత్యాన్ని, తెనాలిని ఆంధ్రా ప్యారిస్‌గానూ లంబసింగిని ఆంధ్రా కశ్మీర్‌గానూ చేసుకున్న మనకు ఎవరూ కొత్తగా బోధించనక్కరలేదు. కనుక పశ్చిమాఫ్రికాలోని బెనిన్ దేశంలో, నొకూయే సరస్సులో పాతిన గుంజల మీద నిలబడ్డ గాన్వియేకు యాత్రా రచయితలు ‘ఆఫ్రికా వెనిస్’ అన్న బిరుదు ప్రదానం చేయడాన్ని మనం సగౌరవంగా ఆమోదించవలసిందే. అక్కడా నీళ్లున్నాయి, ఇక్కడా నీళ్లున్నాయి. ఇంతకన్నా రుజువేం కావాలి? (ఈ లెక్కన వానాకాలంలో మా వీధి కూడా వెనిసే.)

అబొమే-కలవీ రేవులో మరపడవ ఎక్కిన యాత్రికుణ్ణి చూడండి. సరస్సు అడుగున గుచ్చిన చెట్టుకొమ్మలు కనబడగానే మునిగిపోయిన తోట కాబోలని జాలిపడతాడు. అది ‘అకజా’ అనే చేపల మడి అనీ, నానిన కొమ్మల మీది నాచు కోసం చేపలు చేరితే చుట్టూ వల కట్టి పడతారనీ పడవవాడు చెప్పబోయేలోగా ఈయన లెన్సు మార్చుకోవడంలో మునిగిపోతాడు. తేలే సంతలో దోనె మీద కూరగాయలమ్మే మనిషి వెడల్పాటి గడ్డి టోపీని ముఖానికి అడ్డం పెట్టుకుంటే, అది వద్దనడం కాదు, స్థానిక సంప్రదాయమని నిర్ధారిస్తాడు. ఇంకో దోనెలో పదేళ్ల పిల్ల క్యాన్లు వేసుకుని బోరునీళ్ల కోసం తెడ్డు వేస్తుంటుంది. చుట్టూ సరస్సే అయినా ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. ఆయనకు మాత్రం అది వెనిస్ కాలువల్లో పాటలతో నడిపే పడవ, గొండోలా. పిల్ల పాట పాడదేమని కాస్త నొచ్చుకుంటాడు కూడా.

పొరుగునున్న వెకీలోనూ గుంజల మీద ఇళ్లున్నాయి గానీ, బిరుదు లేదు కనుక కెమెరా అటు తిరగదు.

గాన్వియేలో ఉండే తోఫిను జనం ఈ నీళ్లలోకి అందం కోసం వచ్చారా? దహోమీ రాజ్యపు ఫోన్ అనే తెగ సైనికులు మనుషుల్ని పట్టి విదా రేవులో అమ్ముతున్న రోజుల్లో, నీళ్లలో అడుగుపెట్టడం ఆ సైనికులకు నిషిద్ధమని తెలిసి, పిల్లాపాపలతో సరస్సులోకి పారిపోయి వచ్చారని వాళ్ల పెద్దలు చెబుతారు. ‘మనం బతికి బయటపడ్డాం’ అన్నదే ఊరి పేరుకు వాళ్లు చెప్పే అర్థం. ఆ మనుషుల్ని కొన్న ఓడలు ఏ ఖండం నుంచి వచ్చాయి? ఆ ఖండపు ఊరి పేరే తెచ్చి వీళ్ల నెత్తిన కిరీటమని పెట్టడానికి సిగ్గుండొద్దూ?

సాయంత్రం రేవులో దిగిన యాత్రికుడు ఊరి పేరేమిటని పడవవాణ్ణి అడిగాడు. అతడు రెండుసార్లు చెప్పాడు. నోరు తిరగక, ఈయన వెనిస్ అనే రాసుకున్నాడు.