ఆదివారం పాటలతో సరిపోదు

వందనాలు బ్రదర్. ఆరాధన ఆదివారంతో ముగిసేది కాదు, రోజూ లోబడి బతకడమే అని మీరు రాసింది అక్షరాలా నిజం. బైబిల్లో రోమా 12:1లో అపొస్తలుడైన పౌలు అడిగింది మన శరీరాలనే, అదీ సజీవ యాగంగా. ఇశ్రాయేలు రాజు సౌలు సంగతి కూడా రాయాల్సింది. శత్రువులైన అమాలేకీయుల మందల్ని పూర్తిగా నాశనం చేయమని దేవుడు చెప్పినా, వాటిలో మంచివి ఉంచేసుకుని, బలి కోసమే తెచ్చామన్నాడు. సమూయేలు ప్రవక్త చెవిన ఆ గొర్రెల అరుపులు పడుతూనే ఉన్నాయి! బలి కంటే దేవుని మాట వినడమే మేలని ఆయన తెగేసి చెప్పాడు.

మా అమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు రోజూ గుప్పెడు తీసి దేవుని డబ్బాలో వేసేది, బియ్యం అడుగంటిన రోజు కూడా. నిజానికి అంతకన్నా కష్టమైంది మత్తయి 5:24. మన మీద కోపంగా ఉన్న సహోదరుడితో ముందు సమాధానపడి, ఆ తర్వాతే కానుక ఇవ్వాలి. దీని మీద కూడా తప్పకుండా రాయండి బ్రదర్.