సెగ్గడ్డకి ఐదు క్యాప్సూల్స్ చాలవండి

"సెగ్గడ్డకి ఆసుపత్రి దేనికి?" అనే మెసేజ్ తిరగని గ్రూపు మా కోనసీమలో లేదు. బంధువుల గ్రూపులో వచ్చింది, స్కూలు స్నేహితుల గ్రూపులో వచ్చింది, చివరికి మా నర్సుల గ్రూపులోనూ ఒకావిడ పెట్టారు. అందులో ఉన్నది ఇదీ: గడ్డలు లేచేది ఒంట్లో వేడి వల్ల, మామిడిపండ్ల వల్ల. వేడి గుడ్డతో కాపడం పెట్టాలి. సున్నం, బెల్లం కలిపి పట్టు వెయ్యాలి. పండాక సూది కాల్చి పొడిచి, చీము పిండెయ్యాలి. మెడికల్ షాపులో అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ క్యాప్సూల్స్ ఐదు తెచ్చుకుని, నొప్పి తగ్గగానే ఆపేసి, మిగిలినవి ఇంట్లోవాళ్ళ కోసం దాచుకోవాలి. మందులకు లొంగని క్రిములు పెద్దాసుపత్రుల్లోనే ఉంటాయి కాబట్టి పల్లెటూళ్ళకు ఆ టెన్షన్ అక్కర్లేదు. డ్రెస్సింగ్ గదిలో ఏళ్ళ తరబడి పనిచేసినదాన్ని, ఇది చదివి ఊరుకోలేకపోతున్నాను.

మామిడిపండు సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. గడ్డలో చీము పట్టించేది చాలాసార్లు స్టాఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా, పొట్టిగా స్టాఫ్. చెమటకీ ఒరుపుకీ చర్మం చిట్లే ఎండాకాలంలో అది లోపలికి దిగుతుంది, మామిడిపండ్లు వచ్చేదీ అప్పుడే. సున్నం పట్టు చర్మాన్ని కాలుస్తుంది. గడ్డకి తోడు పుండు కూడా కావాలనుకుంటే తప్ప దాని జోలికి పోకండి.

అసలు కోపం నాకు ఆ క్యాప్సూల్స్ మీద. మామూలు స్టాఫ్‌లోనే ఎక్కువ భాగం అమాక్సిసిలిన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్‌ను తయారుచేసుకుంటుంది. ఇక ఎంఆర్ఎస్ఏ అనే మొండి రకం ఇంకో అడుగు ముందుకేసి, ఆ మందు వెళ్ళి పట్టుకోవాల్సిన ప్రొటీన్‌నే మార్చేసుకుంది. దానికి ఐదు వేసినా యాభై వేసినా ఒకటే. సెఫలెక్సిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ వేసినా అంతే, ఆ ఎంజైమ్‌ని అడ్డుకునే క్లావులనేట్ కలిపిన ఖరీదైన మాత్ర వేసినా అంతే. మరి "మా ఆయనకి తగ్గింది కదా" అంటారు. ఎందుకు తగ్గిందో చెప్తాను. గడ్డ నాలుగో రోజో ఐదో రోజో తనంతట తానే పగిలి, చీము పోయి, నొప్పి తగ్గింది. ఆ రోజుకి చేతిలో క్యాప్సూల్ ఉంది కాబట్టి పేరు దానికొచ్చింది. ఆ పేరుతోనే మెసేజ్ ఊళ్ళు తిరుగుతోంది. ఈలోగా ఆ అరకొర మందు ఒంటి మీదా, ముక్కులోనూ, పేగుల్లోనూ లొంగే క్రిముల్ని చంపి లొంగనివాటికి చోటు ఖాళీ చేసి పెట్టింది. రేపు నిజంగా మందు అవసరమైన రోజున పనిచేసేది ఏది మిగులుతుంది?

ఒకావిడ తన కొడుకు తొడ మీద గడ్డకి ఇలాగే దాచిన మందు వాడి, తగ్గక మా దగ్గరికి తీసుకొచ్చింది. ఏం మందు వేశావమ్మా అంటే కొంగుముడి విప్పి స్ట్రిప్ ముక్క చూపించింది. పేరూ తేదీ ఉన్న వైపు కత్తెరకి పోయింది. డాక్టర్ చీటీ లేకుండా వాడకూడదని చెప్పే ఎర్ర గీత మాత్రం సగం కనిపిస్తోంది. ఆ గీత గురించి 2016లో ప్రభుత్వం దేశమంతా ప్రచారం మొదలుపెట్టింది. అది ఉన్న మందుని ఇంట్లో ఇంకొకరికి దాచిపెట్టమని ఎవరు, ఏ ధైర్యంతో రాశారు?

లొంగని క్రిములు పెద్దాసుపత్రుల్లోనే అన్నది కూడా తప్పే, పాతికేళ్ళ కిందటే తేలిపోయిన తప్పు. మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్ వచ్చిన కొద్దికాలానికే, 1961లో, దానికి లొంగని స్టాఫ్, అంటే ఈ ఎంఆర్ఎస్ఏ, ఇంగ్లండులో బయటపడింది. మొదట్లో అది ఆసుపత్రుల గొడవే. 1999కల్లా అమెరికాలో ఆసుపత్రి మొహం చూడని నలుగురు పిల్లలు దానితో చనిపోయినట్టు అక్కడి ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ప్రకటించింది. మన దగ్గర కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ ఇటీవలి నివేదికల్లో, ఆసుపత్రుల్లో పరీక్షించిన స్టాఫ్ శాంపిల్స్‌లో 40 శాతానికి పైగా ఈ మొండి రకమే. ఊళ్ళలో లెక్క వేరుగా ఉండొచ్చు. కానీ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చే మనుషులతో పాటు అదీ బస్సెక్కదా? ముగ్గురిలో ఒకరి ముక్కులో స్టాఫ్ ఏ బాధా పెట్టకుండా ఉంటుంది. హాస్టల్లో ఒకే తువ్వాలు, సెలూన్లో మార్చని బ్లేడు, కబడ్డీలో గీరుకున్న మోకాలు, రొయ్యల షెడ్డులో ముల్లు గుచ్చుకున్న వేలు చాలు దానికి దారి దొరకడానికి. ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి గడ్డలు లేస్తుంటే ముందు దండెం మీది తువ్వాలు చూడండి. ఎవరిది వారికి వేరు చెయ్యండి, దుప్పట్లు, దిండు గలీబులు వేడినీళ్ళలో ఉతికి ఎండలో వెయ్యండి, గడ్డ మీద కట్టు విప్పి తిరగనివ్వకండి, కట్టు ముట్టుకున్న చేతులు సబ్బుతో కడగండి.

సూదితో పొడవడం ఎక్కడైనా తప్పే. ముక్కు మీద, పైపెదవి మీద అయితే ప్రాణాంతకం. అక్కడి రక్తనాళాలు మెదడు దగ్గరికి పోతాయి, పిండితే చీము బయటికే వస్తుందన్న హామీ లేదు.

కాపడం మాత్రం ఆ మెసేజ్‌లో నిజం, ఒప్పుకోవాల్సిందే. చిన్న గడ్డకి శుభ్రమైన గుడ్డని వేడినీళ్ళలో తడిపి రోజుకి మూడు నాలుగుసార్లు పెడితే చాలాసార్లు అదే పగిలి మానుతుంది, యాంటీబయాటిక్ అవసరమే రాదు. ఇంకో మాట కూడా ఒప్పుకుంటాను: ప్రతి గడ్డకీ చీటీ మీద యాంటీబయాటిక్ రాసేవాళ్ళ మీద ఆ మెసేజ్ రాసినాయన కోపం న్యాయమైనదే. పెద్ద గడ్డకి అసలు వైద్యం కోసి చీము తియ్యడం. మందు అవసరమా, ఏ మందు అన్నది ఆ చీముని కల్చర్‌కి, అంటే అందులోని క్రిమిని ల్యాబులో పెంచి ఏ మందుకి లొంగుతుందో చూసే పరీక్షకి, పంపితే తెలుస్తుంది.

జ్వరం వచ్చినా, ఎరుపు పక్కలకి పాకుతున్నా, పైకి కనిపించేదానికన్నా నొప్పి విపరీతంగా ఉన్నా, పసిపిల్లలకైనా, షుగర్ ఉన్నవాళ్ళకైనా ఆగకండి. ఉప్పునీటి చెరువులో తగిలిన గాయం గంటల్లో వాచి బొబ్బలెక్కితే అది స్టాఫ్ కాకపోవచ్చు, ఆ పూటే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. ఒక రోజు కూలి పోతుందని ఆగేవాళ్ళే ఎక్కువని నాకు తెలుసు, ఆ బాధ చిన్నది కాదు. కానీ చీము తియ్యడం చాలా పీహెచ్‌సీల్లో ఉచితంగానే అవుతుంది, పొద్దున్నే వెళితే మధ్యాహ్నానికి ఇంటికొస్తారు. వెళ్ళినప్పుడు రక్తంలో షుగర్ కూడా చూడమని అడగండి. తమకి షుగర్ ఉందని మా దగ్గర చాలామందికి తెలిసింది గడ్డ కోయించుకోడానికి వచ్చినప్పుడే.