జర్మనీలో దిగితే చాలు, జర్మన్ వచ్చేస్తుందా?

విదేశీ చదువులకు సిద్ధమవుతున్న విద్యార్థుల ఫోన్లలో ఒక సందేశం తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "జర్మన్ కోసం ముందే వ్యాకరణం బట్టీపట్టడం దండగ. జర్మనీలో దిగితే చాలు, అక్కడ ఎవరూ ఇంగ్లీషు మాట్లాడరు కాబట్టి భాష దానంతట అదే వస్తుంది. పుస్తకాల్లోని జర్మన్ అక్కడ ఎలాగూ పనికిరాదు. ఆరు నెలల్లో రాలేదంటే లోపం మీలోనే ఉంది." వెళ్లబోయేవారికి జర్మన్ నేర్పే పని నాది. ఇందులో ప్రతి వాక్యమూ తప్పే. చివరిదైతే క్రూరం కూడా.

ముందు ఇంగ్లీషు సంగతి. బెర్లిన్, మ్యూనిక్ లాంటి నగరాల్లో, అందునా విశ్వవిద్యాలయాల్లో ఇంగ్లీషు మాట్లాడేవారికి కొదవ లేదు. మీరు జర్మన్‌లో తడబడగానే ఎదుటివారు సాయం చేద్దామనే ఉద్దేశంతోనే ఇంగ్లీషులోకి మారిపోతారు. ఇంగ్లీషు మాధ్యమంలో మాస్టర్స్ చేసేవారికి తరగతి, ప్రాజెక్టు, హాస్టల్ వంటగది అన్నీ ఇంగ్లీషులోనే గడిచిపోగలవు. అలా రెండేళ్లుండి, రొట్టెల దుకాణంలో అడగాల్సిన నాలుగు ముక్కలతోనే పట్టా అందుకున్నవారు ఉన్నారు. వాళ్లు సోమరులు కారు. జర్మన్ లేనిదే గడవని పరిస్థితి వాళ్లకు ఎదురే కాలేదు. "నేను నేర్చుకుంటున్నాను, దయచేసి జర్మన్‌లోనే మాట్లాడండి" అని ఎవరికి వారు అడగాలి. అలా అడగడానికైనా కొంత భాష కావాలి.

ఇక వ్యాకరణం దండగ అన్న మాట. రైల్వే ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నారనుకోండి. మైకులో "డెర్ ట్సూగ్ ఫెల్ట్ హొయ్‌టె ఆవ్స్" అని వినిపిస్తుంది. జర్మన్‌లో కొన్ని క్రియలు రెండుగా విడిపోతాయి. రెండో ముక్క వాక్యం చివరికి వెళ్లి కూర్చుంటుంది. ఇక్కడ 'ఫెల్ట్' ఒక్కటే అయితే పడటం. చివరి 'ఆవ్స్' కలిస్తేనే, ఈరోజు రైలు రద్దయిందని తెలుస్తుంది. ఈ సంగతి ముందే చదివినవారి చెవి ఆ చివరి ముక్క కోసం కాచుకుని ఉంటుంది. చదవనివారికి ఎన్నిసార్లు విన్నా అది రొదగానే మిగిలిపోవచ్చు. పైగా ఉపవాక్యాల్లో జర్మన్ క్రియ చివరికి పోతుందంటే ఇతరులు బెంబేలెత్తుతారు గానీ, క్రియ చివర రావడం తెలుగువారికి కొత్తా? ఆ భయం మనకు అక్కర్లేదు.

డబ్బు లెక్క కూడా చూడండి. 2024 సెప్టెంబరు నుంచి విద్యార్థి వీసా కోసం సాధారణంగా నెలకు 992 యూరోల చొప్పున ఏడాదికి 11,904 యూరోలు ఖాతాలో చూపాలి. ఉండటానికి, తినడానికి అంత ఖర్చు పెట్టుకుంటూ అక్కడ అక్షరమాల దగ్గర మొదలుపెట్టమని పిల్లలకు చెప్పడం ఏం న్యాయం? జర్మన్ మాధ్యమంలో డిగ్రీ కావాలంటే అసలు భాష వచ్చాకే సీటు. చాలా విశ్వవిద్యాలయాలు డీఎస్‌హెచ్ అనే జర్మన్ భాషా పరీక్షలో రెండో స్థాయినో, టెస్ట్‌డాఫ్ అనే మరో భాషా పరీక్ష నాలుగు విభాగాల్లోనూ నాలుగో స్థాయినో అడుగుతాయి.

పుస్తకాల జర్మన్ పనికిరాదన్నదానికి పెద్ద జవాబు అక్కర్లేదు. బవేరియాలో, శాక్సనీలో యాస వేరు, నిజమే. స్విట్జర్లాండ్‌లోనైతే ఇంకా వేరు. కానీ జర్మనీలో పాఠాలు, పరీక్షలు, వార్తలు, కార్యాలయాల ఉత్తరాలు ప్రామాణిక భాషలోనే ఉంటాయి. అది గట్టిగా వచ్చినవారికి యాస మెల్లగా పట్టుబడుతుంది.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఆరు నెలల గడువు. ఈమధ్య ఒక విద్యార్థిని, జర్మన్‌లో బీ1 అనే మధ్యస్థాయి పూర్తిచేసిన అమ్మాయి, "మేడమ్, ఆరు నెలల్లో రాకపోతే ఇంట్లో ఏమని చెప్పను?" అని అడిగింది. ఇంకా విమానమే ఎక్కలేదు, అప్పుడే ఓటమికి సంజాయిషీ వెతుక్కుంటోంది! ఆరు నెలలంటే ఒక్క సెమిస్టర్. శీతాకాలపు సెమిస్టర్ అక్టోబరు 1న మొదలైనా, చాలాచోట్ల పాఠాలు అక్టోబరు మధ్య నుంచి ఫిబ్రవరి వరకే. నడుమ క్రిస్మస్ సెలవులు. ఇంట్లో చేరిన రెండు వారాల్లోగా ఇంటి యజమాని సంతకం చేసిన పత్రంతో పౌర కార్యాలయంలో నమోదు కావాలి. ఆ వెనకే ఆరోగ్య బీమా, బ్యాంకు, నివాస అనుమతి. తొలి వారాలు వీటికే సరి.

ఆ తర్వాత కూడా అన్నీ ఒకే వేగంతో పెరగవు. విదేశంలో ఉంటూ నేర్చుకునేవారికి ధారాళంగా మాట్లాడటం ముందు మెరుగుపడుతుందనీ, వ్యాకరణంలో తప్పులు తగ్గడానికి మరింత కాలం పడుతుందనీ పరిశోధనల్లో తరచూ తేలుతున్నదే. మూడో నెలలో "వెనక్కి పోతున్నాను" అనిపించిందంటే, తన తప్పులు తనకే వినపడుతున్నాయన్నమాట. అది మంచి సూచన.

ఆ అమ్మాయికి నేను చెప్పింది ఇదే: ఇంటికి నెలల లెక్క చెప్పవద్దు, కొత్తగా ఏ పని జర్మన్‌లో చేయగలిగావో చెప్పు. గది వెతికేటప్పుడు జర్మన్ మాట్లాడేవారితో కలిసి ఉండే ఇంటికి మొదటి ప్రాధాన్యం ఇవ్వు. నీ భాష నేర్చుకోవాలనుకునే జర్మన్ విద్యార్థి దొరికితే సగం గంట వాళ్లకు, సగం గంట నీకు. విశ్వవిద్యాలయం నడిపే ఆటల తరగతుల్లో ఏదో ఒకదానిలో మొదటి వారమే పేరు ఇచ్చేయి. చెయ్యి ఎత్తమన్నారో, కాలు మడవమన్నారో పక్కవారిని చూస్తేనే తెలిసిపోతుంది. మాట అర్థం కాకపోయినా ఎవరూ నిన్ను ఆపి ఇంగ్లీషులో చెప్పరు.