అందరూ మూడో గడిలోనే

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లకి శుభవార్త. మనం ఎవరమో తేలిపోయింది. మొన్న విజయనగరంలో జరిగిన ఒక సదస్సులో, అస్తిత్వం, భావజాలం అనే రెండు మాటల మీదే ముప్పై అయిదేళ్ల ఉద్యోగం లాక్కొచ్చిన రాజనీతిశాస్త్ర ప్రొఫెసర్ గారు స్లయిడు వేసి మరీ ప్రకటించారు. మనది 'మిశ్రమ అస్తిత్వం' అట. ఉత్తరాంధ్ర వాళ్లమూ, ఆంధ్ర వాళ్లమూ సరిసమానంగా అట. హాలంతా చప్పట్లు. భోజనాలకి ఆలస్యమైపోతోంది మరి.

ఇది తెలియక ఇన్నాళ్లూ ఎన్ని అవస్థలు పడ్డామో తలుచుకుంటే జాలేస్తుంది. శ్రీకాకుళంలో టెక్కలి బస్సెక్కితే పక్కసీటు పెద్దమనిషి నరసన్నపేట రాకముందే "మీరేటోళ్లు బాబూ?" అని మొదలెట్టి మన కులం, ఊరు, అత్తారి ఊరు, ఎన్ని సెంట్లు, ఏ పార్టీ, అన్నీ లాగేస్తాడు. ఆయనకి గ్రాంటు లేదు, ఫెలోషిప్ లేదు, టికెట్టు కూడా సొంత డబ్బుతో కొన్నాడు. బొత్తిగా శాస్త్రీయత లేని మనిషి.

శాస్త్రీయత అంటే ఎలా ఉంటుందో సార్ చూపించారు. మొరేనో ప్రశ్న అని ఒకటుంది. లూయిస్ మొరేనో అనే స్పెయిన్ పండితుడు 1986లో స్కాట్లండ్ జనాన్ని అడిగాడు: మీరు స్కాటిష్ మాత్రమేనా, బ్రిటిష్ కంటే స్కాటిష్ ఎక్కువా, రెండూ సమానమా, స్కాటిష్ కంటే బ్రిటిష్ ఎక్కువా, బ్రిటిష్ మాత్రమేనా? ఐదు గడులు. అక్కడ అది అడగాల్సిన ప్రశ్నే, వాళ్లకి ఆ తగువు నిజంగా ఉంది, విడిపోదామా వద్దా అని 2014లో ఓట్లు కూడా వేసుకున్నారు. మన సార్ స్కాటిష్ కొట్టేసి ఉత్తరాంధ్ర అని, బ్రిటిష్ కొట్టేసి ఆంధ్ర అని రాశారు. పరిశోధన పద్ధతి సిద్ధం.

ఆ ఫారాలు పట్టుకుని ఊళ్లు తిరిగిన కుర్రాడు మా వీధి వాడే. పలాస దగ్గర జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల దగ్గరికి వెళ్లాడు. ఒక పెద్దావిడ ముందు కూర్చుని ఫారం తీశాడు.

"ఏటి బాబూ, రేషన్ కార్డు గురించా?"

"కాదమ్మా, అస్తిత్వం గురించి."

"అదెప్పుడిస్తారు? పింఛనుతో పాటేనా?"

వీడు ఓపిగ్గా చెప్పాడు. ఇచ్చేది కాదమ్మా, మీ దగ్గర ఉన్నదే చెప్పాలి, మీరు మొదట ఉత్తరాంధ్ర వాళ్లా, ఆంధ్ర వాళ్లా? ఆవిడ చేతిలో పని ఆపకుండానే "మాది మందస బాబూ" అంది. మందస ఇందులో లేదమ్మా. "మరి రాసుకో." దానికి గడి లేదమ్మా. "గడి గీసుకో నాయనా, సేతిలో పెన్నుంది కదేటి!"

నన్నడిగితే మొత్తం సదస్సులో పనికొచ్చే మాట ఆ ఒక్కటే, అది సదస్సులో పలికినది కాకపోవడం వేరే సంగతి. ఈలోగా పక్కనున్న వాళ్లు కూడా చేరారు. ఒకావిడ తన మేనకోడలు బరంపురంలో ఉంది, దాన్ని ఒరియా గడిలో వెయ్యాలా అంది. ఇంకొకావిడ కొడుకు హైదరాబాదులో, పెనిమిటి చెన్నైలో సెంట్రింగు పనిలో ఉన్నారు, "ఇక్కడ లేనోల్లని ఏ గడిలో ఎడతారు?" అంది. కుర్రాడు సార్‌కి ఫోన్ చేశాడు. అనుమానం వస్తే మూడో గడి కొట్టెయ్యి, అదే సేఫ్ అన్నారు సార్. కొట్టేశాడు. ఆ ఊళ్లో అందరికీ అదే కొట్టాడు, పక్క ఊళ్లో అడగకుండానే కొట్టాడు. అలా పుట్టింది మన మిశ్రమ అస్తిత్వం.

ఇష్టపూర్వకంగానే జవాబులు చెప్పినట్టు సమ్మతి పత్రం కూడా ఉండాలి కదా. పెద్దావిడ వేలిముద్ర వేసింది. జీడి రసానికి తోలు ఊడి, నల్లబడి, గీతలరిగిపోయిన బొటనవేలు అది. ఆ వేలు పడక రేషన్ దగ్గర మిషన్ ఆవిణ్ని ఎన్నోసార్లు వెనక్కి పంపింది. ఆవిడ ఆవిడేనని మిషన్ ఒప్పుకోదు, సార్ ఫారం మాత్రం ఒప్పుకుంది. ఈ ముక్క ఏ స్లయిడులోనూ లేదు.

సార్ ప్రస్థానం గురించి రెండు మాటలు చెప్పకపోతే అన్యాయమవుతుంది. పీహెచ్‌డీ రోజుల్లో భావజాలం ఫ్యాషను. 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులని భూస్వాముల మనుషులు కాల్చి చంపిన దగ్గర్నుంచి, 1970 జులైలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం అనే ఇద్దరు పంతుళ్లు హతమయ్యేదాకా మన కొండల్లో జరిగిన గిరిజన రైతాంగ పోరాటమంతా ఆయన థీసిస్ అయింది. ఏజెన్సీలో గిరిజనేతరుల చేతికి భూమి పోకుండా తెచ్చిన 1/70 చట్టం మాత్రం థీసిస్‌లో ఫుట్‌నోట్ అయింది. మండల్ రిజర్వేషన్ల గొడవ వచ్చాక భావజాలం పాతబడిపోయి అస్తిత్వం వచ్చింది, సార్ కూడా వచ్చారు. ఎన్నికలప్పుడు టీవీల్లో ఏ కులం ఎటు మొగ్గుతుందో చెప్పే విశ్లేషకుడు కూడా ఆయనే. తూర్పు కాపులు ఇటు, కాళింగులు అటు, వెలమలు చెరిసగం. ఓడినా గెలిచినా ముందే చెప్పాను అంటారు. ఆ టాలెంటుకి మాత్రం దణ్ణం పెట్టాల్సిందే.

అన్నట్టు అది జాతీయ సదస్సు. ఒడిశాలోని బరంపురం నుంచి ఒక లెక్చరర్ ఇచ్ఛాపురం దాటి వచ్చారు, అందుకని. యూనివర్సిటీలకి రూల్సు పెట్టే యూజీసీ వాళ్ల 2018 నిబంధనల్లో, ప్రమోషన్ లెక్కకి రాష్ట్రస్థాయి ప్రసంగానికి 2 పాయింట్లు, జాతీయస్థాయికి 3. సోషల్ సైన్సెస్‌లో పేపరు అచ్చయితే 10. ప్రొఫెసర్ కావాలంటే 120. సార్‌కి ఇప్పుడు వాటితో పనిలేదు, ఆయన సంచీ మోసేవాళ్లకి ఉంది. బరంపురం ఆయన రాకపోతే అంతమందికి తలా ఒక పాయింటు పోయేది.

ఇంతవరకూ నవ్వుకున్నాను. తర్వాత స్లయిడు చూశాక నవ్వలేకపోయాను. 'వలస: ప్రవహించే అస్తిత్వం' అని దాని పేరు.

ఎవరండీ ప్రవహించింది? 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో కడుతున్న పదకొండంతస్తుల బిల్డింగు కూలి 61 మంది చచ్చిపోయారు. అందులో మన రెండు జిల్లాల కూలీలు ఎంతోమంది. మేస్త్రీ చేతిలో పెట్టిన అడ్వాన్సుకి తలవంచి, జనరల్ బోగీలో నిలబడి వెళ్లి, కాంక్రీటు కింద నలిగిపోయి శవాలై ఊరికొచ్చారు. దానికి ప్రవాహం అని పేరా? ఒకపక్క నాగావళి, ఒకపక్క వంశధార పెట్టుకుని ఎకరం తడవక ఊరొదిలిపోయిన మనిషి దగ్గరికొచ్చి నీ లోపల ఆంధ్ర ఎంత శాతం అని అడగడానికి నోరెలా వచ్చింది? అడ్వాన్సు ఎంత తీసుకున్నావు, వడ్డీ ఎంత, పొలం ఎవరి చేతిలో ఉంది, చస్తే నీ పెళ్లానికి ఎవరిస్తారు అని ఒక్క ప్రశ్న, ముప్పై అయిదేళ్లలో ఒక్కటంటే ఒక్కటి అడిగారా? అడగరు. వాటికి జవాబు మూడో గడిలో పట్టదు, పట్టినా దాన్ని అచ్చువేసే పత్రిక వాళ్ల లిస్టులో ఉండదు, సిగ్గులేని చదువు!

వెనక వరసలో ఒక రిటైర్డు టీచరు గారు లేచి దాదాపు ఇదే అడగబోయారు. చక్కటి ప్రశ్న, భోజనాల దగ్గర మాట్లాడుకుందాం అన్నారు అధ్యక్షుల వారు. అక్కడ సార్ చుట్టూ సెల్ఫీలు.

మా వీధి కుర్రాడికి ఫారానికి ఇంత అని చెప్పిన డబ్బు ఇంకా అందలేదు. ఫోన్ చేస్తే ఆధార్ జిరాక్సు, పాస్‌బుక్ జిరాక్సు, కులధ్రువీకరణ పత్రం పంపమన్నారట. డబ్బులివ్వడానికి కులం కాగితం ఎందుకు సార్ అని అడిగాడు.

డేటా కోసం అన్నారట.