రక్తం తీసుకున్నారు, రిపోర్టు ఏది?

మహారాష్ట్రలోని సిరోంచ తాలూకాలో మళ్లీ రక్తపరీక్షల బృందాలు తిరుగుతున్నాయి. తల్లిదండ్రుల నుంచి వచ్చే సికిల్‌సెల్ రక్తజబ్బు పరీక్షలు, రక్తహీనత లెక్కలు, ఇంటింటి సర్వేలు. పాఠకులకు ఇవేమీ కొత్త కాదు. మా దగ్గరికి వచ్చే ఫిర్యాదు కూడా ఏళ్ల తరబడి మారలేదు. వచ్చారు, వేలు గుచ్చారు, కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు, పోయారు. ఏం తేలిందో మళ్లీ వచ్చి చెప్పినవాళ్లు లేరు. ప్రాణహిత ఒడ్డున తెలుగు మాట్లాడే ఊళ్లలో అయితే అసలు దేనికి వచ్చారో కూడా చాలామందికి అర్థం కాలేదు. చెప్పింది మరాఠీలో, రాసుకుంది ఇంగ్లిష్‌లో.

ఇది గడ్చిరోలి జిల్లాలో జరుగుతోంది. అందుకే మాకు ఇంత కోపం.

ప్రజలతో కలిసి ఆరోగ్య పరిశోధన ఎలా చేయాలో ప్రపంచానికి చూపించిన జిల్లా ఇది. డాక్టర్ దంపతులు రాణీ బంగ్, అభయ్ బంగ్ 1980లలో ఇక్కడికి వచ్చి ‘సర్చ్’ సంస్థ పెట్టారు. రెండు ఊళ్లలో 650 మంది ఆడవాళ్లను పరీక్షిస్తే 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీల వ్యాధి ఉందని తేలింది. అంతకుముందు ఎప్పుడైనా పరీక్ష చేయించుకున్నవాళ్లు 8 శాతమే. 1989లో లాన్సెట్ వైద్య పత్రికలో ఆ వివరాలు వచ్చాకే పల్లె ఆడవాళ్ల బాధ డాక్టర్ల లోకానికి వినపడింది. ఆ తర్వాత ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి, ఇంటికెళ్లి పసికందును చూడటం, ఊపిరి లెక్కపెట్టడం, న్యుమోనియాకు మందు వేయడం నేర్పించారు. 39 ఊళ్లలో నవజాత శిశువుల మరణాలు 62 శాతం తగ్గాయి. 1999లో ఆ ఫలితం అచ్చయింది. 2011లో కేంద్రం అదే పద్ధతిని దేశమంతా ఆశా కార్యకర్తలకు అప్పగించింది. ఇవాళ బాలింత ఇంటికి ఆశా తాయి 42 రోజుల్లో ఆరేడుసార్లు వెళ్తోందంటే దాని మూలం ఈ జిల్లాలోనే ఉంది.

అలాంటి జిల్లాలో, ఆ చివరన, జిల్లా కేంద్రానికి సుమారు 200 కిలోమీటర్ల దూరంలో ఉన్న తెలుగు ఊళ్లకు వచ్చేసరికి ప్రజల భాగస్వామ్యం అంటే వేలిముద్ర అయిపోయింది. ప్రాజెక్టు కాగితాల్లో మాత్రం భాగస్వామ్యం, సమానత్వం అన్న మాటలు ప్రతి పేజీలో ఉంటాయి.

సికిల్‌సెల్ సంగతే చూడండి. 2023 జులై 1న కేంద్రం జాతీయ మిషన్ మొదలుపెట్టింది. 40 ఏళ్లలోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలన్నది, 2047 నాటికి ఈ జబ్బును నిర్మూలించాలన్నది లక్ష్యం. ఆ లక్ష్యాన్ని మేము సమర్థిస్తున్నాం. అయితే ఈ పరీక్షలో సూది గుచ్చడం తేలికైన భాగం, అసలు పని ఆ తర్వాతే. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి నుంచే లోపం వచ్చినవాళ్లు వాహకులు. వాళ్లు రోగులు కారు, అందరిలాగే బతుకుతారు. ఇద్దరు వాహకులు పెళ్లి చేసుకుంటే మాత్రం ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. జబ్బున్న పిల్లలకు భరించలేని ఒళ్లునొప్పులు, పదేపదే జ్వరాలు. హైడ్రాక్సీయూరియా అనే మందు సకాలంలో మొదలుపెట్టి వదలకుండా వాడితే ఆ నొప్పులు తగ్గుతాయి. ఇదంతా ఇంట్లో కూర్చుని, నిదానంగా, తల్లికీ అత్తకీ అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. చెప్పకుండా వదిలేస్తే వాహకురాలైన అమ్మాయి మీద రోగిష్టి అన్న ముద్ర పడుతుంది, కుదిరిన సంబంధం తప్పిపోతుంది. నిజంగా జబ్బున్న పిల్లాడు మందు లేకుండా ఉండిపోతాడు. సిరోంచ పిల్లల పెళ్లిళ్లు నది దాటి తెలంగాణలోని మహదేవపూర్, చెన్నూరు వైపు కూడా జరుగుతాయి. అక్కడి అత్తింటివాళ్లకు మరాఠీ కాగితం ఏం చెబుతుంది?

సిబ్బంది తక్కువ, గడువు దగ్గర పడింది, ముందు రోగులను గుర్తించడం ముఖ్యం అని అధికారులు అంటారు. అందులో నిజం లేకపోలేదు. కానీ గుర్తించిన సంగతి రోగికే తెలియకపోతే ఆ గుర్తింపు ఎవరికోసం?

మా భయం ఒక్క సిరోంచ గురించే కాదు, ఇది అలవాటుగా మారడం గురించి. మన ప్రాణహిత కలిసే గోదావరి దిగువన భద్రాచలం ప్రాంతంలో ఏం జరిగిందో అప్పుడే మరిచిపోయారా? 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ప్రాజెక్టు నడిచింది. హాస్టళ్లలో చదివే గిరిజన బాలికల తరఫున అనుమతి పత్రాల మీద వార్డెన్లు సంతకాలు చేశారు. తల్లిదండ్రులను అడగలేదు. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగిపోయింది, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. ఆ టీకా మంచిదే. అడగకుండా వేయడం వల్ల మంచి టీకా మీద కూడా జనానికి అనుమానం పుట్టింది. అడగకుండా చేసిన పని ఎంత మంచిదైనా జనం దృష్టిలో మోసమే. అప్పుడు వార్డెన్ సంతకం సరిపోయింది, ఇప్పుడు అర్థం కాని కాగితం మీద వేలిముద్ర సరిపోతోంది. దీన్ని ఇవాళ ఒప్పుకుంటే రేపు వచ్చే ప్రతి బృందం ఇదే పద్ధతి అంటుంది.

నియమాలు లేవా అంటే ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు స్పష్టంగానే చెప్పాయి. మనిషికి అర్థమయ్యే భాషలో వివరించాలి. చదువు రానివాళ్లయితే పక్షపాతం లేని సాక్షి ఉండాలి. ఊరి పెద్ద ఒప్పుకున్నా ప్రతి మనిషి అనుమతీ విడిగా తీసుకోవాలి. ఫలితాలు, వాటి వల్ల వచ్చే మేలు ఆ జనానికి అందాలి. ఇది ప్రభుత్వ సంస్థ రాసిన పుస్తకమే. పరిశోధన జనం పట్ల న్యాయంగా ఉందో లేదో చూసి సర్వే ఆమోదించే ఎథిక్స్ కమిటీ సభ్యుల టేబుల్ మీద ఉండే పుస్తకమే. ఆ కమిటీలో ఎవరైనా సిరోంచ అనుమతి పత్రం తెలుగులో, ఇక్కడి గిరిజనుల మాడియా భాషలో ఉందా అని అడిగారా? అడిగి ఉంటే ఈ సంపాదకీయం రాయాల్సిన పని ఉండేది కాదు.

గ్రామసభ ముందుకు రాకుండా ఏ బృందాన్నీ ఊళ్లోకి రానివ్వొద్దు. ఇదే జిల్లాలోని మెండా లేఖా గ్రామసభ తన అడవిని తానే చూసుకుంటూ, ఊరి విషయాలన్నీ అందరూ కూర్చుని చర్చించి తేల్చుకుంటోంది. అది అక్కడ సాధ్యమైతే అంకీసాలో, ఆసరెల్లిలో ఎందుకు కాదు? ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నారు, మా కష్టాల్లో అది ఎన్నోది, నమూనాలు ఎక్కడికి పోతాయి అని ఊరు అడగాలి. తెలుగు, మాడియా వచ్చిన ఊరి ఆడపిల్లలకు జీతమిచ్చి బృందంలో పెట్టుకోమనాలి.

జిల్లా ఆరోగ్యాధికారులకు మేము చెప్పేది ఒక్కటే. కొత్తగా సూది పట్టుకుని రాకముందు పాత రిపోర్టులు తీసుకురండి. ఎవరి ఫలితం వాళ్ల చేతిలో పెట్టి, పక్కన కూర్చుని విడమరిచి చెప్పండి. ఊరి మొత్తం లెక్క, పేర్లు లేకుండా, గ్రామసభలో తెలుగులో చదవండి. ఆ పని చేసే తీరిక లేకపోతే కొత్త నమూనాలు తీసుకునే హక్కు కూడా మీకు లేదు.